మిగిలిపోయిన ద్రవ్యము

మనము కూర్చున్న గది, గదిలోని రేడియో, కిటికీ వెలుపలి వేపచెట్టు, ఆ చెట్టుపైని ఆకాశములోని చుక్కలు, ఇవి అన్నియు ద్రవ్యముతో ఏర్పడినవి. ఈ మాటలో విశేషమేమని శ్రోతలు అడుగవచ్చును. విశేషము కలదు. ద్రవ్యమునకు సరిజోడు ఒకటి ప్రకృతిలో ఉన్నదనియు, అది ద్రవ్యముతో సరిసమానముగా పుట్టుననియు, ఆ రెండును ఒకదానినొకటి తాకినచో రెండును నశించి వెలుగు మాత్రమే మిగులుననియు భౌతికశాస్త్రము చెప్పుచున్నది. అట్లైనచో ఈ గదియు, ఈ చెట్టును, ఆ చుక్కలును ఏల మిగిలినవి? ఈ ప్రశ్నకు సంపూర్ణమైన సమాధానము ఇంతవరకు లభింపలేదు. లభించిన కొద్దిపాటి సాక్ష్యములో ముఖ్యభాగము, సెకనులో కోటివ వంతు కాలమైనను బ్రతుకని మెసానులనెడి కణముల నుండి వచ్చినది. ఆ సాక్ష్యమును గూర్చియే ఈ ప్రసంగము.

ఆ సరిజోడునకు ప్రతిద్రవ్యమని పేరు. కొందరు దీనిని ప్రతిపదార్థమందురు. కాని బడిలో పంతులుగారు పద్యమునకు చెప్పించిన ప్రతిపదార్థము మా చెవులలో ఇంకను మ్రోగుచుండుట చేత మేము మొదటి పేరునే వాడుచున్నాము. 1928లో ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు పాల్ డిరాక్ ఎలక్ట్రాను నడతను వర్ణించు సమీకరణము నొకదానిని వ్రాసెను. ఆ సమీకరణము ఆయన అడిగినదానికంటె ఎక్కువ చెప్పెను. ఎలక్ట్రాను వంటిదే, అంతే బరువు కలదే, కాని ఋణావేశమునకు మారుగా ధనావేశము కల కణమొకటి ఉండవలెనని దాని నుండి తేలెను. 1931లో డిరాక్ ఈ సంగతిని ప్రకటించెను. మరుసటి సంవత్సరమే అమెరికాలోని కాలిఫోర్నియాలో కార్ల్ ఆండర్సన్ విశ్వకిరణముల జాడలను ఫొటోలు తీయుచుండగా ఆ కణము పట్టువడెను. దానికి పాజిట్రాను అని పేరు పెట్టిరి. 1955లో బర్క్లీలో ప్రతిప్రోటాను కూడ కనబడెను. నేడు హైదరాబాదు వంటి నగరములలోని పెద్ద ఆసుపత్రులలో క్యాన్సరు రోగులకు తీయు పెట్ స్కానులో ఈ పాజిట్రానులే పనిచేయుచున్నవి. రోగి దేహములోనికి ఎక్కించిన మందు నుండి వెలువడు పాజిట్రానులు దేహములోని ఎలక్ట్రానులను తాకి నశించును. అప్పుడు పుట్టు కిరణములను పట్టి బొమ్మ గీయుదురు. కావున ప్రతిద్రవ్యము గ్రంథములలో మాత్రమే ఉండు ఊహయని ఎవరును తలపరాదు.

శక్తి నుండి ద్రవ్యము పుట్టినప్పుడెల్ల దానితో సమముగా ప్రతిద్రవ్యమును పుట్టును. మన ప్రయోగశాలలన్నింటిలోను నేటివరకు కనబడిన నియమమిదియే. విశ్వము పుట్టిన తొలిక్షణములలో, మహోష్ణముతో అంతయు కాగుచుండిన వేళ, ఈ రెండును సరిసమానముగా ఉండెనని తలచుట సహజము. కడవరకు సమానముగానే ఉండిన యెడల అన్నియు పరస్పరము చెల్లిపోయి, రాయి రప్ప గాని నీరు నిప్పు గాని లేని వట్టి వెలుగుల విశ్వము మిగిలియుండవలెను. నేడు విశ్వములోని వెలుగు రేణువుల సంఖ్యను, ప్రోటాను న్యూట్రానుల సంఖ్యను శాస్త్రజ్ఞులు సరిపోల్చి చూచిరి. ఒక్కొక్క ప్రోటాను లేక న్యూట్రానునకు సుమారు 160 కోట్ల వెలుగు రేణువులు కలవు. దీనిని బట్టి వెనుకకు లెక్కింపగా, ఆదికాలమున ప్రతిద్రవ్యము 100 కోట్ల పాళ్లుండగా ద్రవ్యము 100 కోట్లకు పైన ఒక్క పాలో, ఇంచుమించు అంతయో ఎక్కువ ఉండెనని తేలుచున్నది. వందకోట్లు వందకోట్లతో చెల్లిపోయినవి. మిగిలిన ఆ ఒక్క పాలే నక్షత్రములు, భూమి, మనము. ఏ షావుకారును ఇంత సన్నని తేడాను చిట్టాకెక్కింపడు.

ఎక్కడనో దూరమున ప్రతిద్రవ్యముతో నిండిన నక్షత్రమండలములు ఉండి లెక్క సరిపోవుచుండవచ్చును గదా యని కొందరికి తోచును. మంచి సందేహమే. కాని ఆ మండలములకును ఈ మండలములకును నడుమ ఎక్కడనో ఒక పొలిమేర ఉండవలెను. ఆ పొలిమేర పొడుగునను ద్రవ్యప్రతిద్రవ్యములు ఒరసికొని నశించుచు తీవ్రమైన గామా కిరణములను వెదజల్లవలెను. అట్టి పొలిమేర ఎచ్చటను కనబడలేదు.

ఆ ఒక్క పాలు ఎక్కువ ఎట్లయినదో వివరించుటకు ఏయే షరతులు కావలెనో 1967లో సోవియట్ శాస్త్రజ్ఞుడు ఆండ్రే సఖరోవ్ చెప్పెను. అణ్వస్త్ర నిర్మాణములో పాల్గొని, పిదప శాంతి కొరకు నిలిచి, 1975లో నోబెల్ శాంతి బహుమతి పొందిన సఖరోవ్ ఈయనయే. ఆయన చెప్పిన షరతులు మూడు. ప్రోటాను జాతి కణముల మొత్తము సంఖ్య మారుటకు వీలుండవలెను. విశ్వము సమతాస్థితి నుండి తప్పియుండవలెను. ఈ రెండింటిని ఇక్కడ వదలివేయుదము. తక్కిన షరతు, ద్రవ్యము పట్లను ప్రతిద్రవ్యము పట్లను ప్రకృతి ఒకే న్యాయము పాటింపరాదు. ఈ పక్షపాతము నిజముగా ఉన్నదా? ఉన్నచో చాలినంత ఉన్నదా? మా ప్రసంగమంతయు ఈ రెండు ప్రశ్నల చుట్టును తిరుగుచున్నది.

1956 వరకు ప్రకృతి నిష్పక్షపాతియని అందరును నమ్మిరి. ఒక సంఘటనను అద్దములో చూచినచో కుడి యెడమలు మారును గాని, అద్దములోని సంఘటన కూడ ప్రకృతిలో జరుగగలదే యగునని వారి విశ్వాసము. ఆ సంవత్సరము లీ, యాంగ్ అను ఇరువురు చైనా దేశీయులు ఈ విశ్వాసమును ప్రశ్నించిరి. 1957 ఆరంభమున శ్రీమతి వూ అను విదుషీమణి తన ప్రయోగ ఫలితములను వెల్లడించెను. కోబాల్టు కేంద్రములను ఒకే దిక్కునకు తిరుగునట్లు చేసి గమనింపగా, వెలువడిన ఎలక్ట్రానులు ఒక దిక్కునకే మొగ్గు చూపినవి. కుడి యెడమల భేదము ప్రకృతికి తెలియును! లీ, యాంగులకు ఆ ఏడే నోబెల్ బహుమతి లభించెను. ప్రయోగము చేసిన ఆమెకు లభింపకపోవుట న్యాయముగా మాకు తోచదు.

అయినను ఒక ఆశ మిగిలెను. అద్దములో చూచుటతో పాటు కణములన్నింటిని ప్రతికణములుగా మార్చినచో న్యాయము సరిపోవుచుండవచ్చును. ఎలక్ట్రాను ఎడమకు మొగ్గినచో పాజిట్రాను కుడికి మొగ్గును, అంతే. ఈ జంట మార్పిడి సౌష్ఠవమును శాస్త్రజ్ఞులు గట్టిగా పట్టుకొనిరి.

ఈ సంగతిలోని చిక్కు రేడియో శ్రోతలకు సులభముగా బోధపడగలదు. దూరపు నక్షత్రమండలములోని ఒక బుద్ధిజీవితో మనము రేడియో ద్వారా మాత్రమే మాటలాడుచున్నామని అనుకొందము. బొమ్మలు పంపుటకు వీలు లేదు, వస్తువులు పంపుటకు వీలు లేదు, మాట మాత్రమే. సంఖ్యలు నేర్పగలము. హైడ్రోజను పరమాణువు పరిమాణమును కొలబద్దగా చేసి మన ఎత్తును చెప్పగలము. కాని కుడిచేయి యనగా ఏదియో ఎట్లు చెప్పుట? 1957 తరువాత, కోబాల్టు ప్రయోగము చేసి చూడుమని చెప్పవచ్చును. కాని అతడు ప్రతిద్రవ్యపు జీవియైనచో అతని కోబాల్టు ప్రతికోబాల్టు. అతనికి కుడి యెడమలు తారుమారుగా తెలియును. ఆ సంగతి అతనికిని తెలియదు, మనకును తెలియదు. కలుసుకొన్న నాడు కరచాలనమునకు అతడు ఎడమచేయి చాచినచో దూరముగా తొలగుట మేలని రిచర్డ్ ఫైన్‌మన్ తన ఉపన్యాసములలో చమత్కరించెను. చేతులు జోడించు మన నమస్కారములో ఆ ప్రమాదము లేదు గాని, నిలుచున్న నేల యైనను తాకకతప్పదు గదా. జంట మార్పిడి సౌష్ఠవము పూర్తిగా నిజమైనచో, అతడు ద్రవ్యమో ప్రతిద్రవ్యమో మాటల వలన తెలిసికొను ఉపాయమే లేదు. ఆ ఉపాయమును 1964లో కేయాను అను మెసాను చూపెను.

మెసాను అనగా క్వార్కు ఒకటియు ప్రతిక్వార్కు ఒకటియు జతగూడి ఏర్పడిన కణము. ద్రవ్యప్రతిద్రవ్యములు ఒకే కప్పు క్రింద చేయు కాపురమన్నమాట. ఆ కాపురము ఎంతోకాలము సాగదు. విద్యుదావేశము లేని కేయానులో డౌన్ అను క్వార్కును స్ట్రేంజ్ అను ప్రతిక్వార్కును ఉండును. దాని ప్రతికణములో స్ట్రేంజ్ క్వార్కును డౌన్ ప్రతిక్వార్కును ఉండును. రెండింటికిని ఆవేశము లేదు. రెండింటి బరువును ఒక్కటే. రెండును పయానులనెడి తేలిక కణములుగా విడిపోగలవు. రెండు వీథులు ఒకే కూడలికి చేరునప్పుడు, ఒక వీథిలో బయలుదేరినవాడు రెండవ వీథిలోనికి తిరుగవచ్చును. అట్లే కేయాను తన ప్రయాణము నడుమ ప్రతికేయానుగా మారగలదని 1955లో గెల్‌మన్, పయిస్ అనువారు ఊహించిరి. ద్రవ్యప్రతిద్రవ్యముల నడుమ ఇట్టి రాకపోకలకు మిశ్రణమని పేరు.

కచేరీకి ముందు స్టూడియోలో తంబురా శ్రుతి చేయుట చూచినవారికి మిశ్రణము కొత్త కాదు. రెండు తీగెలు ఇంచుమించు ఒకే శ్రుతిలో ఉండి వెంట్రుకవాసి తేడా మిగిలినప్పుడు నాదము నిలుకడగా ఉండక, అల వలె లేచుచు పడుచు ఉండును. తేడా తగ్గినకొలది అల నెమ్మదించును, పూర్తిగా కలిసినప్పుడు ఆగును. రాత్రివేళ మీడియం వేవులో రెండు దూరపు కేంద్రములు దగ్గర దగ్గర పౌనఃపున్యములలో పడినప్పుడు మనలను విసిగించు ఆ ఈలయు ఈ జాతిదే. ఆ ఈల యొక్క పౌనఃపున్యము రెండు కేంద్రముల పౌనఃపున్యముల తేడాకు సమానము. కేయాను విషయములో తీగెల స్థానమున ఉన్నవి రెండు మిశ్రములు. ఒకటి అల్పాయువు, సెకనులో వెయ్యికోట్లవ వంతు కాలములో రెండు పయానులుగా విడిపోవును. రెండవది దీర్ఘాయువు, దానికి సుమారు 570 రెట్లు బ్రతుకును. ఈ రెండింటి బరువులలో తేడా నూరు లక్షల కోట్ల పాళ్లలో ఒక పాలు కూడ లేదు. ఏ త్రాసును ఈ తేడాను తూచలేదు. కాని కేయాను ప్రతికేయానుల నడుమ అల ఎంత వేగముగా లేచి పడుచున్నదో లెక్కించి దీనిని కొలిచిరి! విన్న ఈలను బట్టి రెండు కేంద్రముల తేడాను చెప్పినట్లే.

జంట మార్పిడి సౌష్ఠవము నిజమైనచో దీర్ఘాయువు కేయాను ఎన్నడును రెండు పయానులుగా విడిపోరాదు. పయానులుగా విడిపోయిన యెడల మూడింటిగానే విడిపోవలెను. 1964లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో జేమ్స్ క్రోనిన్, వాల్ ఫిచ్ అనువారు తమ ఇరువురు సహచరులతో కలిసి దీనిని పరీక్షించిరి. కేయానుల ప్రవాహమును అల్పాయువులన్నియు నశించునంత దూరము పోనిచ్చి, మిగిలినవానిని గమనించిరి. 22,700 విచ్ఛేదములలో సుమారు 45 చోట్ల రెండు పయానులు కనబడినవి. ఐదువందలకు ఒకటి. ఇంత స్వల్పమైనదానిని పరికరముల పొరపాటని త్రోసివేయుట సులభము. వారు త్రోసివేయలేదు. నెలల తరబడి ఇతర కారణములను వెదకి, ఏదియు నిలువకపోగా ప్రకటించిరి. 1980లో క్రోనిన్, ఫిచ్‌లకు నోబెల్ బహుమతి లభించెను.

1967లో మరియొక రూపమున ఈ పక్షపాతము వెల్లడియయ్యెను. దీర్ఘాయువు కేయాను పయాను, న్యూట్రినోలతో పాటు ఒక్కొక్కప్పుడు ఎలక్ట్రానును, ఒక్కొక్కప్పుడు పాజిట్రానును వెలువరించును. ఈ రెండును సమముగా రావు. పాజిట్రానుతో కూడిన విచ్ఛేదములు వేయింటికి సుమారు మూడు వంతున ఎక్కువ. దూరపు మిత్రునితో ఇక మాటలాడవచ్చును. దీర్ఘాయువు కేయాను నుండి ఎక్కువగా వచ్చు తేలిక కణము మీ పరమాణువులో తిరుగు కణమునకు సమానావేశము కలదా, విరుద్ధావేశము కలదా యని అడిగిన చాలును. మన సమాధానము విరుద్ధము. అతడును విరుద్ధమనినచో మనవాడే, సందేహింపక పోవచ్చును. సమానమనినచో ఇంటినుండి నమస్కారము చెప్పుటతో సరిపెట్టుకొనవలెను. ధనావేశమని ఒకరు దేనికి పేరు పెట్టినను ఈ ప్రశ్నకు అడ్డు లేదు. ద్రవ్యమనగా ఏదియో ప్రకృతియే నిర్ణయించి చెప్పిన మొదటి గుర్తు ఇది.

ఇట్లు మొదటి ప్రశ్నకు సమాధానము దొరికెను. పక్షపాతము ఉన్నది. దాని మూలమేమి? 1973లో క్యోటో నగరమునకు చెందిన కొబయాషి, మస్కావా అను ఇరువురు యువకులు ఒక చిన్న వ్యాసములో సమాధానము చెప్పిరి. అప్పటికి తెలిసిన క్వార్కులు మూడే. ఆరు క్వార్కులు, రెండేసిగా మూడు తరములు ఉన్నచో మాత్రమే ఒక తరము నుండి మరియొక తరమునకు మారు సూత్రములలో ఈ పక్షపాతమునకు చోటు కలుగునని వారు లెక్కవేసిరి. రెండే తరములైన యెడల ఆ సూత్రములలోని కోణములన్నింటిని సర్దివేయవచ్చును. మూడవ తరము వచ్చినప్పుడు ఒక్క కోణము ఎట్లు సర్దినను మిగిలిపోవును. నాల్గవ క్వార్కు 1974లోను, ఐదవదగు బాటమ్ 1977లోను, ఆరవదగు టాప్ 1995లోను కనబడినవి. 2001లో కాలిఫోర్నియాలోని బాబార్, జపానులోని త్సుకుబా వద్దనున్న బెల్ అను రెండు ప్రయోగములు బాటమ్ క్వార్కు కల బీ మెసానులలో ఈ పక్షపాతమును స్పష్టముగా కొలిచినవి. కేయానులో వేయింటికి రెండు మూడుగా ఉన్నది ఇచ్చట నూటికి పదులలో కనబడెను. అంతయు ఆ ఒక్క కోణముతోనే సరిపోయెను. 2008లో క్యోటో మిత్రులకు నోబెల్ బహుమతి వచ్చుటలో ఆశ్చర్యము లేదు.

ఇక రెండవ ప్రశ్న. ఈ పక్షపాతము చాలునా? చాలదు. తెలిసిన నియమములను మాత్రమే పట్టుకొని ఆదివిశ్వమును లెక్కవేసినచో, మిగులవలసిన ద్రవ్యము నేడు కనబడుచున్నదానిలో కోట్లవ వంతుకంటెను తక్కువగా తేలుచున్నది. చుక్కలు గాని చెట్లు గాని ఏర్పడుటకు అది చాలదు. కావున ప్రామాణిక సిద్ధాంతమని పేరొందిన నేటి కణశాస్త్రములో లేని పక్షపాతము మరియొకటి ఎక్కడనో ఉండితీరవలెను. దాని నెచ్చట వెదకవలెను? మెసానుల మిశ్రణములోనే వెదకుట మేలని పలువురి అభిప్రాయము. కారణమిది. మెసాను ప్రతిమెసానుగా మారునప్పుడు, నడుమ క్షణమాత్రము మిక్కిలి భారమైన కణములు అరువు తెచ్చుకొన్న శక్తితో పుట్టి గిట్టును. ఏ యంత్రమును పుట్టింపలేనంత భారమైన కొత్త కణములు ఉన్నను, వాని ప్రభావము ఈ రాకపోకలలో తెలియును. వంటింటిలోని మనిషి కనబడకున్నను పోపు వాసన ముందరి గదికి వచ్చును గదా.

ఇట్టి కొత్త కణములను గూర్చి మిక్కిలి విస్తారముగా ఆలోచింపబడిన సిద్ధాంతము సూపర్‌సిమ్మెట్రీ. దీనిని అధిసౌష్ఠవమందము. ప్రకృతిలోని కణములు రెండు జాతులు. కాంతి రేణువుల వలె ఒకేచోట గుంపుగూడ గలిగినవి బోసానులు. మన సత్యేంద్రనాథ బోసు పేరు మీదుగా వానికి ఆ పేరు వచ్చినది. ఎలక్ట్రానుల వలె ఒక్కొక్కదానికి ఒక్కొక్క పీట కావలసినవి ఫెర్మియానులు. అధిసౌష్ఠవము ప్రకారము ప్రతి ఫెర్మియానుకును ఒక బోసాను, ప్రతి బోసానుకును ఒక ఫెర్మియాను జోడుగా ఉండవలెను. 1970 తరువాతి కొద్ది సంవత్సరములలో రష్యాలోను ఐరోపాలోను ఈ భావము రూపుదిద్దుకొనెను. గణితము దృష్టితో చూచినచో ఇంత అందమైన కట్టడము అరుదు. అయితే జోడు కణము లొక్కటియు ఇంతవరకు కనబడలేదు గనుక అవి మిక్కిలి భారమైనవై ఉండవలెను. అట్లు భారమగుటకు సౌష్ఠవము చెదరవలెను. అది ఎట్లు చెదరినదో తెలియనందున, సిద్ధాంతము యొక్క మిక్కిలి పొదుపైన రూపములోనే 105 కొత్త సంఖ్యలు వచ్చి చేరినవి. వానిలో 43 పక్షపాతమును పుట్టింపగల కోణములు! కొబయాషి, మస్కావాల ఇంటిలో ఒక్క కోణముండగా ఇచ్చట పెండ్లిపందిరి వలె నిండిపోయినవి.

పక్షపాతము చాలదని వెదకుచున్నవారికి ఇది పండుగ వలె తోచవచ్చును. నిజమునకు ఇది పెద్ద తలనొప్పి. ఆ కోణములకు తోచిన విలువలిచ్చినచో కేయానుల పక్షపాతము వేయింటికి రెండుగా ఉండక ఎన్నో రెట్లు పెరిగిపోవును. 1964లో లెక్కించిన ఆ నలుబదియైదు విచ్ఛేదములు, అరువది సంవత్సరముల తరువాతను ఒక మహాసిద్ధాంతమునకు హద్దులు గీయుచున్నవి. కేయానులు పెట్టిన ఆంక్షలకు లోబడి, మొదటి రెండు తరముల జోడు కణములు ఇంచుమించు ఒకే బరువున ఉండవలెననియో, కోణములు కారణము లేకయే చిన్నవిగా ఉండవలెననియో ఒప్పుకొనవలసివచ్చెను. బాటమ్ క్వార్కును స్ట్రేంజ్ క్వార్కును కలిపెడి చోట మాత్రము ఆంక్షలు సడలి యుండెను. కావున బాటమ్, స్ట్రేంజ్ జతగా కల మెసాను వైపు అందరి దృష్టియు మరలెను. ఈ మెసాను తన ప్రతికణముగా మారుచు మరల తానగుచు సెకనుకు సుమారు 3 లక్షల కోట్ల మార్లు తిరుగాడునని 2006లో షికాగో సమీపమునగల ఫెర్మీ ప్రయోగశాల తెలిపెను. అది బ్రతుకునది సెకనులో లక్షకోట్లవ వంతునకు ఒకటిన్నర రెట్లు. అంతలోనే నాలుగైదు మార్లు వేషము మార్చును.

ఆ ప్రయోగశాలలోనే డీజీరో అను మరియొక బృందము 2010 మే నెలలో ఒక ఫలితము ప్రకటించెను. ఢిల్లీ, పంజాబు విశ్వవిద్యాలయములు, ముంబయిలోని టాటా సంస్థ ఈ బృందములో పాలుపంచుకొన్నవి. వారి పద్ధతి చూచుటకు సులభమైనది. ప్రోటాను ప్రతిప్రోటానులను ఢీకొట్టినప్పుడు బాటమ్ క్వార్కును దాని ప్రతిక్వార్కును జంటగా పుట్టును. బాటమ్ క్వార్కు విచ్ఛేదమైనప్పుడు ఋణావేశము కల మ్యువాను, ప్రతిక్వార్కు విచ్ఛేదమైనప్పుడు ధనావేశము కల మ్యువాను వెలువడవచ్చును. కావున జంటకు ఒకటి ఋణము, ఒకటి ధనము. ఆ రెండింటిలో ఒకటి చనిపోవుటకు ముందు వేషము మార్చినచో రెండు మ్యువానులకును ఒకే ఆవేశముండును. వేషము మార్చుటలో పక్షపాతము లేనిచో రెండు ఋణముల జంటలును రెండు ధనముల జంటలును సమముగా ఉండవలెను. డీజీరోవారి లెక్కలో ఋణముల జంటలు ధనముల జంటలకంటె నూటికి సుమారు ఒకటి వంతున ఎక్కువగా ఉండెను. ప్రామాణిక సిద్ధాంతము చెప్పినదానికి ఇది నలువది రెట్లు! ఎక్కువైన పక్కయు ద్రవ్యము వైపే. విశ్వమేల ఉన్నదో ఆచూకీ దొరికినదని పత్రికలు వ్రాసినవి. నెలలు తిరుగకయే అధిసౌష్ఠవ పండితులు తమ కోణములను సవరించి ఈ సంఖ్యను రాబట్టు వ్యాసములను కుప్పలుగా ప్రచురించిరి.

పద్ధతి సులభమన్నాము గాని ఆచరణ మహాకష్టము. పరికరము ద్రవ్యముతో చేసినది, ప్రతిద్రవ్యముతో కాదు. ఋణావేశపు కేయాను పరికరములోని ద్రవ్యమును తాకి తొందరగా మ్రింగబడును. ధనావేశపు కేయాను అంతకంటె దూరము పోవును. పోయి, మ్యువానుగా మారి లెక్కలో దొంగతనముగా చేరును. కొలువబోవు పక్షపాతమునకు కొలుచు పరికరమే పక్షపాతి! దీనిని సవరించుటకు వారు అయస్కాంతముల దిక్కును తరచు తిరుగవేసిరి, దొంగ మ్యువానులను విడిగా లెక్కించి తీసివేసిరి. ఇంత చేసినను, ఇట్టి తేడా కేవలము కాకతాళీయముగా కనబడు అవకాశము వేయింటికి ఒకటి వరకు ఉండెను. పందెమునకు ఇది చాలును గాని శాస్త్రమునకు చాలదు. కణశాస్త్రములో ఆవిష్కరణమనుటకు ఆ అవకాశము సుమారు 35 లక్షలలో ఒకటికి తగ్గవలెనని కట్టుబాటు.

తీర్పు జెనీవా సమీపమునగల సెర్న్ సంస్థలోని ఎల్‌హెచ్‌సీ‌బీ ప్రయోగము నుండి వచ్చెను. ఇది బాటమ్ క్వార్కుల కొరకే నిర్మింపబడినది. బాటమ్, స్ట్రేంజ్ మెసానుల మిశ్రణములోని కోణము ప్రామాణిక సిద్ధాంతము చెప్పినట్లే సున్నకు దగ్గరగా ఉన్నదని 2012 నాటికే దాని కొలతలు తెలిపినవి. మిశ్రణములోని అసమతను ఆ మెసానులోనే నేరుగా కొలిచి 2016లో ప్రచురించిన ఫలితమును సున్నతో సరిపోయెను. ఆ మెసాను రెండు మ్యువానులుగా విడిపోవుట అధిసౌష్ఠవము యొక్క కొన్ని రూపములలో పదుల రెట్లు పెరుగవలెను. 2015లో సెర్న్‌లోని రెండు ప్రయోగములు కలిసి దానిని 100 కోట్లకు సుమారు మూడుగా కొలిచినవి. ప్రామాణిక సిద్ధాంతము చెప్పినదియు ఇంచుమించు అంతే. జోడు కణములలో క్వార్కులను బంధించు గ్లువాను యొక్క జోడును ప్రోటానుకు రెండువేల రెట్ల బరువు వరకు గాలించిరి. దొరకలేదు. డీజీరోవారు మాత్రము 2014లో తమ తుది లెక్కను ప్రచురించి, తేడా పూర్తిగా పోలేదనిరి. వారి యంత్రము 2011లోనే మూతపడెను గనుక అక్కడ తిరిగి కొలుచుటకు వీలు లేదు. వేరొకరెవ్వరికిని అది కనబడలేదు.

అధిసౌష్ఠవము తప్పని దీనివలన తేలిపోయినదా? అట్లు చెప్పలేము. జోడు కణములు ఇంకను భారమైనవై యుండవచ్చును, కోణములు మనము చూచిన చోట కాక మరియొక చోట ఉండవచ్చును. ఏ సంఖ్య వచ్చినను సరిపెట్టుకొనగల సిద్ధాంతమునకు ఏ సంఖ్యయు నిజమైన మద్దతు కాదని మాత్రము మా అభిప్రాయము. 2010లో పెద్ద సంఖ్య వచ్చినప్పుడు సరిపోయినది, 2016లో సున్న వచ్చినప్పుడును సరిపోయినది. కొబయాషి, మస్కావాల గొప్పతనము ఇచ్చటనే తెలియును. వారు మూడు క్వార్కుల నాడు ఆరు క్వార్కులు ఉండవలెననిరి. కనబడకున్నచో వారి మాట వీగిపోయెడిది.

పక్షపాతము కొత్త చోట్ల కనబడుచునే ఉన్నది. 2019లో చార్మ్ క్వార్కు కల మెసానులలో, 2025లో తొలిసారిగా ప్రోటాను జాతికి చెందిన ఒక భారకణములో ఎల్‌హెచ్‌సీ‌బీవారు దానిని పట్టిరి. రెండవదానిలో తేడా నూటికి సుమారు రెండున్నర. మన దేహములు ఆ ప్రోటాను జాతితోనే ఏర్పడినవి గనుక ఈ వార్తకు ప్రత్యేకమైన రుచి కలదు. అయినను ఇవి రెండును ఆ పాత కోణము పరిధిలోనివిగానే తోచుచున్నవి. న్యూట్రినోలలో మరియొక పక్షపాతము దాగియుండవచ్చునని వెదకువారు వేరుగా ఉన్నారు. అది వేరొక ప్రసంగమునకు తగిన విషయము.

త్సుకుబాలో బెల్ స్థానమున బెల్ రెండు అను ప్రయోగము 2019 నుండి ఇంచుమించు పూర్తి పరికరముతో లెక్కించుట ఆరంభించెను. అచ్చట ఎలక్ట్రానులకును పాజిట్రానులకును బుద్ధిపూర్వకముగా వేర్వేరు శక్తుల నిచ్చి ఢీకొట్టుదురు. అందువలన పుట్టిన బీ మెసానులు ఒక పక్కకు దూసుకొని పోవును. వాని ఆయువును గడియారము కొలువజాలదు గాని, అవి పోయిన దూరమును కొలువవచ్చును. ఆ దూరము మిల్లీమీటరులో చిన్న వంతు. దానిని కొలుచు సన్నని సిలికాను పలకల వరుసలలో ఒకదానిని ముంబయిలోని టాటా సంస్థ వారి నాయకత్వమున సమకూర్చిరి. మన హైదరాబాదు ఐఐటీ శాస్త్రజ్ఞులును విద్యార్థులును ఈ బృందములో ఉన్నారు. పాత బెల్ పోగుచేసిన లెక్కకు సుమారు 50 రెట్లు పోగుచేయవలెనని వారి సంకల్పము.